అనుకోకుండా బయలుదేరే విహారయాత్ర – ముందే సర్ది ఉంచవలసిన సంచి



పండుగ సెలవులు దగ్గరపడినప్పుడల్లా మా వీధిలోని పెద్దవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "డాక్టరు గారూ, పిల్లలు ఉన్నట్టుండి రేపే బయలుదేరదామంటున్నారు. షుగరు, బీపీ ఉన్న మనిషిని. ఇంత హఠాత్తుగా వెళ్ళవచ్చునా?" అని అడుగుతారు. కొన్నేళ్ళ క్రితమైతే, "ఎందుకండీ ఈ హడావుడి? మరోసారి ముందుగా అనుకొని, అన్నీ ఏర్పాటు చేసుకొని వెళ్ళండి" అని చెప్పి పంపించేవాడిని. ఇప్పుడు అలా చెప్పడం లేదు. "తప్పకుండా వెళ్ళండి. కాని బయలుదేరే ముందు మీ మందుల సంచి ఒకసారి నాకు చూపించండి" అంటున్నాను. నా సలహా ఎందుకు మారినదో, ఆ సంచి మాట ఎక్కడి నుండి వచ్చినదో ఈ వ్యాసంలో మీకు చెప్పదలచుకున్నాను. ఇందులో పొరపాటు చేసిన రోగి మరెవరో కాదు, నేనే.

రిజర్వేషన్ల కాలం

ఈ రోజులలో ఏ విహారమైనా ముందుగా బుక్ చేసుకొని వెళ్ళడమే ఆనవాయితీ అయినది. రైలు టికెట్లు 60 రోజుల ముందు నుండి ఇస్తున్నారు. 2024 నవంబరు 1కి పూర్వం ఆ గడువు 120 రోజులు ఉండేది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలై, చూస్తుండగానే అయిపోతాయి. విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలులో పెద్ద పెద్ద అద్దాల కిటికీలు ఉన్న విస్టాడోమ్ పెట్టెలో శీతాకాలపు శని, ఆదివారాలలో చోటు దొరకాలంటే చాలా ముందుగానే మేలుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చిన మన ఊరి వారు కూడా ఇటువంటి అనుభవాలే చెబుతారు. కోవిడ్ మూలంగా మూతపడిన కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌ను 2021లో తిరిగి తెరిచినప్పుడు, చేతిలో టికెట్టు ఉన్నంత మాత్రాన లోపలికి పోనిచ్చేవారు కాదు. ఏ రోజున వస్తారో కూడా ముందుగా నమోదు చేసుకోవలసి ఉండేది. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ 2024 జనవరి 9 నుండి, తేదీ వేసి అమ్మే టికెట్లకు ఆ రెండవ నమోదును తొలగించినది.

వైద్యుని కంటితో చూస్తే రిజర్వేషన్‌లో మరొక ప్రయోజనం కనబడుతుంది. రెండు నెలల ముందు టికెట్టు తీసుకున్న మనిషికి, తనకు తెలియకుండానే, రెండు నెలల వ్యవధి దొరుకుతుంది. ఆ లోపల మందులు తెచ్చుకుంటాడు, రక్తపరీక్ష చేయించుకుంటాడు, చెప్పులు అరిగిపోతే కొత్తవి కొనుక్కొని వాటిని పాదానికి అలవాటు చేసుకుంటాడు. అనుకోకుండా బయలుదేరే మనిషికి లేనిది టికెట్టు కాదు, ఈ వ్యవధి. టికెట్టు ఎలాగో ఒకలాగ దొరుకుతుంది. ఈ వ్యవధిని మాత్రం ఏ కౌంటరులోనూ అమ్మరు. ఈ చిన్న విషయం నాకు డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత గాని తెలిసిరాలేదు.

"నాకూ అలాగే చెప్పేవారు నాన్నా"

నిరుటి దసరా సెలవులకు మా అమ్మాయి తన ఇద్దరు పిల్లలతో అనకాపల్లి వచ్చినది. మనుమడికి పదేళ్ళు, మనుమరాలికి ఏడు. అల్లుడు గారికి సెలవు దొరకలేదు. మూడవ రోజుకే పిల్లలకు ఇల్లు విసుగు పుట్టింది. సెల్‌ఫోనులో రామోజీ ఫిల్మ్ సిటీ బొమ్మలు చూస్తూ, "తాతయ్యా, మనం ఇక్కడికి వెళ్దామా?" అని మనుమరాలు అడిగినది. నేను పేపరు మీద నుండి కళ్ళెత్తకుండానే, "ఇప్పుడు టికెట్లు దొరకవు తల్లీ. వచ్చే సెలవులకు ముందుగా బుక్ చేసుకొని వెళ్దాం" అన్నాను.

అప్పుడు మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతూ ఒక మాట అన్నది. "నాకూ అలాగే చెప్పేవారు నాన్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అయినా నాకు గుచ్చుకున్నది. హైదరాబాదు శివార్లలో విజయవాడ రహదారి పక్కన రామోజీరావు గారు ఆ ఫిల్మ్ సిటీని స్థాపించినది 1996లో. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. బడిలో స్నేహితురాలెవరో చూసి వచ్చి చెప్పినదట, తనూ చూస్తానని అడిగినది. నేను ఆ రోజులలో ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. దసరా సెలవులంటే మాకు వానలు వెనుకబట్టి మలేరియా జ్వరాలు ముమ్మరంగా ఉండే సమయం. సెలవు దొరకదు. వేసవిలో నీళ్ళ విరేచనాలు, మళ్ళీ సెలవు దొరకదు. "వచ్చే సెలవులకు" అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. చివరకు అడగడం మానుకున్నది. పెద్దదయినది, చదువుకున్నది, పెళ్ళి చేసుకొని వెళ్ళిపోయినది. ఆ రోజులలో నేను చేసిన ఉద్యోగం గురించి నాకు చింత లేదు. కాని పదవీ విరమణ చేసి పన్నెండేళ్ళు దాటిన తరువాత, తీరిక తప్ప మరేమీ లేని మనిషిని, మళ్ళీ అదే మాట ఎందుకు అన్నాను? నోటికి అలవాటయి అన్నాను. అంతే.

మరునాడు ఉదయం పది గంటలకు తత్కాల్‌లో ప్రయత్నించాము. తెలియనివారి కోసం చెబుతున్నాను: ప్రయాణానికి ముందు రోజున ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగిలిన తరగతులకు 11 గంటలకు తత్కాల్ టికెట్లు ఇస్తారు. ఖరారైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. 2025 జూలై 1 నుండి ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. మా అమ్మాయి ఖాతాతో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అయిదు బెర్తులు దొరికాయి. మూడు ఒక పెట్టెలో, రెండు మరొక పెట్టెలో. నాకు వచ్చినది పై బెర్తు. మోకాళ్ళ నొప్పులతో నేను నిచ్చెన వైపు చూస్తూ నిలబడితే, ఎదుటి కుర్రవాడు "మీరు కింద పడుకోండి సార్" అని తన కింది బెర్తు ఇచ్చాడు. అతనికి ఈ సందర్భంగా మరొకసారి నా ఆశీస్సులు.

పొరపాటు జరిగిన తీరు

తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాము. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. వెయిటింగ్ హాలులో ముఖాలు కడుక్కొని, పిల్లలకు పాలు, అరటిపళ్ళు పెట్టాము. ఆరున్నరకు అలవాటు ప్రకారం నేను గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర టీతో వేసుకున్నాను. "టిఫిన్ చేసి బయలుదేరదాం నాన్నా" అని అమ్మాయి అన్నది. "మనకు ముందు బుకింగ్ లేదు కదమ్మా. గేటు తెరిచే వేళకు ముందు వరుసలో ఉండకపోతే ఎండలో నిలబడాలి. లోపలికి వెళ్ళి తిందాం" అని నేనే తొందరపెట్టాను. కారు మాట్లాడుకొని బయలుదేరాము.

సెలవు రోజు కావడం వలన అప్పటికే జనం ఉన్నారు. ఆన్‌లైన్‌లో కొన్నవారు కాగితం చూపించి ముందుకు సాగుతూ ఉంటే, మాలాంటి వారం కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డాము. టికెట్లు దొరికాయి. ఫిల్మ్ సిటీ విస్తీర్ణం సుమారు 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద చలనచిత్ర స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలో నమోదైనది. ప్రధాన ద్వారం నుండి లోపలికి వారి బస్సులోనే వెళ్ళాలి. లోపలికి వెళ్ళేసరికి స్వాగత నృత్యాలు జరుగుతున్నాయి. పిల్లలు కదలరు. ఆ తరువాత సెట్టింగులు చూపించే ఎర్ర బస్సు కోసం మళ్ళీ వరుస. సమయం పదకొండు దాటినది. నేను ఇంకా ఏమీ తినలేదు. ఆకలి కూడా అనిపించలేదు.

ఆ వరుసలో మనుమరాలు టోపీ కొనమని నా చేయి పట్టుకొని లాగినది. నేను దాని మీద గట్టిగా అరిచాను. చుట్టుపక్కల వారు తిరిగి చూశారు. పిల్ల బిక్కమొహం వేసి, తరువాత ఏడ్చినది. మనుమల మీద నేను ఎన్నడూ గొంతు పెంచి ఎరుగను. అమ్మాయి ఆశ్చర్యంగా నా వైపు చూసినది. ఎండ వేడికి కాబోలు అనుకొని నుదురు తుడుచుకున్నాను. రుమాలు పూర్తిగా తడిసిపోయినది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అయినా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

తట్టినది నా శ్రీమతికి. "ఏమండీ, పొద్దున్న షుగరు మాత్ర వేసుకున్నారు కదా, ఏం తిన్నారు?" అని అడిగినది. నేను జవాబు చెప్పడానికి తడబడ్డాను. ఆమె మరేమీ అడగకుండా నన్ను నీడలో ఒక అరుగు మీద కూర్చోబెట్టి, చేతిసంచిలో నుండి బెల్లం పొట్లం విప్పినది. సాయంత్రం సికింద్రాబాదులో ఉన్న మా మరదలి ఇంటికి తీసుకువెళదామని అనకాపల్లి నుండి తెచ్చిన బెల్లం అది. ఒక పెద్ద ముక్క విరిచి నా నోట్లో పెట్టినది. రెండు గుక్కలు నీళ్ళు తాగించినది. పావుగంటలో చెమట ఆగినది, వణుకు తగ్గినది, లోకం తిరిగి తన చోటికి వచ్చినది. ఆ తరువాత నలుగురమూ పిల్లలతో కూర్చొని ఇడ్లీ తిన్నాము అని రాయబోయాను; నలుగురం కాదు, అయిదుగురం. మనుమరాలు కొంచెం దూరంగా కూర్చున్నది. దాని దగ్గరకు వెళ్ళి, "తాతయ్యకు షుగరు తగ్గిపోయి కోపం వచ్చినదమ్మా, తప్పు నాదే" అని చెప్పాను. "షుగరు తగ్గితే కోపం వస్తుందా?" అని అడిగినది. వస్తుంది. ఆ సంగతి వేలమంది రోగులకు చెప్పినవాడిని నేను.

ఆ రోజున రక్తపరీక్ష చేసే గ్లూకోమీటరు నా దగ్గర లేదు. అది ఇంట్లో బీరువాలో ఉన్నది. నా శ్రీమతి బీపీ మాత్రల పట్టీ కూడా ఫ్రిజ్ మీదనే ఉండిపోయినదని ఆ సాయంత్రం తెలిసినది. ఇద్దరు పిల్లల బట్టలు, బొమ్మలు, చిరుతిళ్ళు అన్నీ సర్దిన ఇల్లు అది.

ఆ పావుగంటలో శరీరంలో జరిగినది

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. ఇన్సులిన్ ఇంజెక్షను తీసుకునే వారి సంగతి కూడా అంతే. వేళకు ఆహారం అందకపోయినా, మామూలు కంటే ఎక్కువగా నడిచినా రక్తంలో చక్కెర పడిపోతుంది. విహారయాత్రలో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే ప్రమాద సూచనగా భావించాలి. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, తలతిరుగుడు, తడబాటు, అకారణమైన కోపం దీని లక్షణాలు. మెదడుకు కావలసిన చక్కెర తగ్గినప్పుడు, "నాకు చక్కెర తగ్గినది" అని గుర్తించే శక్తి కూడా తగ్గుతుంది. నాకు జరిగినది అదే. అందువలన ఈ లక్షణాలు రోగికంటే ముఖ్యంగా పక్కన ఉన్నవారికి తెలియాలి. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు వాడే వారిలో వణుకు, గుండెదడ బయటపడకపోవచ్చు; చెమట మాత్రం పడుతుంది.

స్పృహలో ఉన్న మనిషికి మూడు చెంచాల పంచదార గాని, గ్లూకోజు పొడి గాని నీళ్ళలో కలిపి వెంటనే ఇవ్వాలి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మరొకసారి ఇవ్వాలి. తేరుకున్న తరువాత తప్పక ఆహారం పెట్టాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. వెంటనే 108కి ఫోను చేయాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. చాలామంది వాడే మిశ్రమ మాత్రలలో వోగ్లిబోస్ లేక అకార్బోస్ అనే మందు కూడా ఉంటుంది. అది పంచదారను, బెల్లాన్ని పేగులలో త్వరగా విడగొట్టనివ్వదు. అటువంటి వారికి బెల్లం, పంచదార ఆలస్యంగా పనిచేస్తాయి. వారు తప్పనిసరిగా గ్లూకోజు పొడినే దగ్గర ఉంచుకోవాలి. మీ మాత్రల పట్టీ వెనుక ఏయే మందుల పేర్లు ఉన్నవో ఈ రోజే చదవండి.

ఎప్పుడూ సిద్ధంగా ఉండే సంచి

ఊరికి తిరిగి వచ్చిన మరునాడే నేను ఒక చిన్న గుడ్డసంచి సర్దాను. అది ఇప్పుడు మా ముందు గది తలుపు వెనుక మేకుకు వేలాడుతున్నది. ప్రయాణం అనుకున్నప్పుడు సర్దేది కాదు అది. ప్రయాణం అనుకోనప్పుడే సర్ది ఉంచవలసినది. అందులో ఏమున్నవో చెబుతాను.

మొదటిది, మా ఇద్దరి మందులు వారం రోజులకు సరిపడా, పట్టీలలోనే ఉంచి. విడి మాత్రలు డబ్బాలో పోస్తే ఏది ఏదో తెలియదు, గడువు తేదీ కనబడదు. బీపీ మాత్రలను, ముఖ్యంగా క్లోనిడిన్‌ను, ఇందాక చెప్పిన అటెనొలాల్ వంటి వాటిని హఠాత్తుగా ఆపితే రక్తపోటు, గుండెవేగం ఒక్కసారిగా పెరగవచ్చు. "రెండు రోజులే కదా" అనుకోరాదు.

రెండవది, ఒక అట్టముక్క. దాని మీద మా పేర్లు, వయస్సు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు, అమ్మాయి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉన్నవి. ఊరుకాని ఊరిలో మిమ్మల్ని చూసే వైద్యునికి ఇంతకంటే గొప్ప సహాయం లేదు.

మూడవది, గ్లూకోజు పొడి, గ్లూకోమీటరు.

నాలుగవది, ఓఆర్ఎస్ పొట్లాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే వేలమందిని కాపాడారు. పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు మంచినీటిలో కలపాలి. సగం పొట్లం గ్లాసుడు నీళ్ళలో కలిపి పిల్లలకు ఇవ్వడం ప్రమాదం. అట్టపెట్టెలలో అమ్మే తీపి పండ్లరసాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తరువాత, అటువంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడరాదని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించినది.

అయిదవది, గుండెజబ్బు ఉన్నవారు తమ వైద్యుడు రాసి ఇచ్చిన, నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఛాతీలో నొప్పి వస్తే కూర్చొని పెట్టుకోవాలి. అయిదు నిమిషాలలో తగ్గకపోతే అంబులెన్సును పిలవాలి.

ఇన్సులిన్ వాడేవారు వాడుకలో ఉన్న పెన్నును ఎండ తగలకుండా చల్లని చోట ఉంచుకుంటే చాలు. మంచుగడ్డకు నేరుగా ఆనించి గడ్డకట్టనివ్వరాదు. ప్రతి నెల ఒకటవ తేదీన పాత పట్టీలు వాడుకలోకి తీసి, కొత్తవి సంచిలో పెడుతున్నాము. లేకపోతే అవసరమైన రోజుకు సంచి ఉంటుంది, మందుల గడువు ఉండదు.

లోపలికి వెళ్ళిన తరువాత

వరుసలోకి వెళ్ళే ముందు తినండి. ముందు బుకింగ్ లేని మనిషి చేసే తప్పులన్నీ తొందర వలన వచ్చేవే. ఒక అరగంట ఆలస్యమైతే ఒక సెట్టింగు తక్కువ చూస్తారు, అంతే.

ఆడవారికి ఒక మాట. మరుగుదొడ్డి ఎక్కడ ఉంటుందో అని నీళ్ళు తాగడం మానేస్తారు. దీనివలన మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను, ఎండలో నీరసం వస్తాయి. లోపలికి అడుగుపెట్టగానే మరుగుదొడ్లు ఎక్కడ ఉన్నవో ముందు తెలుసుకోండి, తరువాత నీళ్ళు తాగడానికి భయం ఉండదు. నీరు పోయే మాత్ర వాడే పెద్దవారు ఎండలో మరింత జాగ్రత్తగా ఉండాలి. 2015 మే నెల వడగాడ్పులలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేలమందికి పైగా మరణించిన సంగతి మరువరాదు. వేసవి మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు వరకు పైకప్పు ఉన్న ప్రదర్శనలలో గడపండి.

షుగరు వలన పాదాలకు తిమ్మిరి ఉన్నవారు నీటి ఆటల దగ్గర చెప్పులు విడిచి నడవరాదు. కాలిన సిమెంటు నేల వారికి తెలియకుండానే పాదాన్ని బొబ్బలెక్కిస్తుంది. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016లో ప్రారంభమైన వండర్‌లా వంటి చోట్ల పెద్ద ఊయలలు, వేగంగా తిరిగే యంత్రాలు ఉంటాయి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ, మెడ లేక నడుము జబ్బు ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల ఆపరేషను అయినవారు వాటిని ఎక్కరాదు. పిల్లలకు ఎత్తును బట్టి పెట్టిన నిబంధనను బతిమాలి తప్పించుకోవద్దు. ఆ కొలత వారిని పట్టి ఉంచే కడ్డీకి సంబంధించినది.

చివరగా, కొందరు అనుకోకుండా బయలుదేరనే కూడదు. కొత్తగా ఛాతీనొప్పి లేక ఆయాసం మొదలైనవారు, ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు, కాలి పుండు మానని వారు, జ్వరం ఉన్నవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు తమ వైద్యుని అడిగిన తరువాతనే వెళ్ళాలి. ఏ మందు మోతాదునూ ప్రయాణం కోసం మీ అంతట మీరు మార్చుకోవద్దు.

మీ శరీరం ఎంతవరకు సిద్ధంగా ఉన్నదో తెలియకపోతే ముందు దగ్గరలో పరీక్షించి చూసుకోండి. మన అనకాపల్లి వారికి శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉన్నది, కొండకర్ల ఆవ ఉన్నది. ఏ రిజర్వేషనూ అవసరం లేదు. అక్కడ ఒక పూట నడిచి వస్తే మీ మోకాళ్ళు, మీ ఊపిరి, మీ చెప్పులు ఎలా ఉన్నవో మీకే తెలుస్తుంది.

వాయిదా గురించి ఒక మాట

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత, "అయితే ఇంట్లో కూర్చోవడమే మేలు" అని ఎవరైనా అనుకుంటే నా వ్యాసం వృథా అయినట్లే. ఆ రోజు ఇడ్లీ తిన్న తరువాత సాయంత్రం వరకు మేము హాయిగా తిరిగాము. బాహుబలి సెట్టింగు దగ్గర మనుమడు గంటసేపు కదలలేదు. మా అమ్మాయి మాత్రం ఒకచోట, నకిలీ రైల్వే స్టేషను ముందు, చాలాసేపు నిలబడిపోయినది. తొమ్మిదేళ్ళప్పుడు స్నేహితురాలు దాని గురించే చెప్పినదట. రైలు కదలదట, అయినా ఎక్కవచ్చునట. "ఇదేనా నాన్నా అది" అని నవ్వినది. నేను ఫోటో తీశాను. ఆ ఫోటోలో ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి ఉన్నది. తొమ్మిదేళ్ళ పిల్ల ఫోటో తీసే అవకాశం నాకు ఇక లేదు.

ఉద్యోగంలో వాయిదా వేయక తప్పని రోజులు ఉంటాయి. కాని విశ్రాంతి తీసుకుంటున్న వయస్సులో, "ముందుగా అనుకొని వెళ్దాం" అన్నమాట చాలాసార్లు భయానికి మర్యాద పేరు మాత్రమే. నా వయస్సు వారికి వచ్చే సెలవులకు మోకాలు ఇలాగే ఉంటుందని, వచ్చే ఏడు పిల్లలు ఇలాగే అడుగుతారని హామీ ఎవరూ ఇవ్వరు. పిల్లలు అడిగిన రోజున లేచి వెళ్ళగలిగేది ధైర్యం ఉన్నవారు కాదు, సంచి సర్ది ఉన్నవారు.

మిత్రులారా, ఈ వ్యాసం చదవడం ముగించగానే ఒక పని చేయండి. ఒక సంచి వెతికి, వారం రోజుల మందులు, గ్లూకోజు పొట్లం, ఓఆర్ఎస్, మీ వివరాలు రాసిన అట్టముక్క అందులో పెట్టి తలుపు వెనుక తగిలించండి. ఆ సంచి ఎక్కడ ఉన్నదో, చక్కెర తగ్గితే మీరు ఎలా ప్రవర్తిస్తారో ఇంట్లో అందరికీ, పిల్లలతో సహా, చెప్పండి. మా మనుమరాలికి చెప్పాను. మొన్న ఫోనులో నేను కొంచెం విసుగ్గా మాట్లాడితే, "తాతయ్యా, ఇడ్లీ తిన్నావా?" అని అడిగినది.

అందరూ ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటూ, సెలవు.